లోపం ఏమీ లేదన్నాను

కంచెలంక నుంచి తిరిగొచ్చి పదకొండు నెలలైంది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా "బాగుంది, శుభ్రంగా ఉంది, అమ్మవారి దర్శనం అయింది" అని మూడు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. పోయిన శుక్రవారం మా భజన మండలివాళ్ళు పిల్లలకు పెట్టిన తరగతిలో నన్ను లేపారు. "ఒకరిని నిందించకుండా ఎలా బతకాలో శేషారత్నం గారిని చూసి నేర్చుకోండి. ఆవిడ నోటివెంట చెడ్డమాట విన్నవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నాలుగు ముక్కలు చెప్పండమ్మా" అన్నారు. లేచి నిలబడ్డాను. ఇరవైమంది పిల్లలు నా నోటివైపే చూస్తున్నారు. తల తిరుగుతోందని చెప్పి ఇంటికొచ్చేశాను.

నేను చదివింది పదో తరగతి. సామర్లకోట రేవులో మంచినీళ్ళ కేంద్రంలో చీటీలిచ్చే పని నాది. ఉత్తరాలు తప్ప వేరే ఏమీ రాసి ఎరగను. కానీ నోటితో దిగనిది చేత్తోనైనా దింపుకోవాలి కదా. అక్కడ కలం, కాగితం ఉండనివ్వలేదు. అందుకని గుర్తున్నదంతా రోజులవారీగా ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజు

పొద్దున్న తొమ్మిదింటికి లాంచీ కంచె దగ్గర ఆగింది. సముద్రం మా ఊరిదాకా వచ్చాక కోనసీమ ముక్కలుముక్కలై లంకలుగా మిగిలింది. వాటిలో ఒకటి నలభై అయిదేళ్ళ కిందట తన చుట్టూ కంచె వేసుకుని తలుపు మూసుకుంది. మూడేళ్ళకోసారి అయిదు రోజులు తలుపు తీస్తారు. అదీ చూడ్డానికి వచ్చేవాళ్ళకే. చుట్టాల్ని కలుస్తామంటే రానివ్వరు.

మా అమ్మ అక్కడే పుట్టింది. మా ఇలవేల్పు పేరంటాలమ్మ గుడి అక్కడే ఉంది. పుట్టినప్పుడు నేను బతకనన్నారట. బతికితే పిల్లచేత కుంకుమ పెట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు తీర్చేలోపు కంచె పడింది. పోయేముందు అమ్మ చెప్పిన ఆఖరిమాట అదే. అందుకని పేరు రాయించుకుని, ఆరేళ్ళు ఎదురుచూసి, పర్యాటకురాలిగా వెళ్ళాను.

గేటు దగ్గర సంచులన్నీ విప్పారు. నా కుంకుమ భరిణె తీసి పక్కన పడేశారు.

"అమ్మవారికండి" అన్నాను.

"పొడులు పనికిరావు" అంది తనిఖీ చేస్తున్నామె. నా నుదుటివైపు చూసింది. "అది ఉన్నంతవరకు ఉండనివ్వండి. మళ్ళీ పెట్టుకోకూడదు."

మేం పదకొండుమందిమి. ఒక్కొక్కరికి ఒక్కో గైడు. వాళ్ళు గైడు అనరు, "తోడు" అంటారు. నా తోడు పేరు కనకవల్లి. ముప్ఫయ్ అయిదు దాటి ఉంటాయి. నల్లగా, బిగుతుగా, లాగి కట్టిన తాడులా ఉంది. నమస్కారం పెడితే తిరిగి పెట్టలేదు.

"అతిథిగారూ, నేను నడిచినట్టు నడవండి, నేను ఆగినచోట ఆగండి. పక్క చూపులు చూడకండి. మీ మోకాళ్ళ నొప్పులు నాకు చెప్పకండి."

"నాకు మోకాళ్ళ నొప్పులు లేవమ్మా."

"రెండు రోజుల్లో వస్తాయి" అంది.

మా బృందంలో పైడిరాజు గారని ఒకాయన ఉన్నారు. భీమిలి ఆయన, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారట. ఈ లంకకు రావడం ఆయనకు రెండోసారి. ఆయన తోడు సింహాద్రి అని నలభయ్యేళ్ళ మనిషి. పైడిరాజు గారు అతన్ని దిగిన క్షణం నుంచీ దెప్పుతూనే ఉన్నారు. "ఏటయ్యా, నీ సెప్పుల సప్పుడు! దున్నపోతు నడిసినట్టుంది. ఆ జుట్టేటి, గడ్డిమేటా?" సింహాద్రి నవ్వు ఆపుకుంటున్నాడు. పెద్దవయసులో ఇదేం నోరు అనుకున్నాను.

పైన తూనీగలు తిరుగుతుంటాయి. అలా పిలుస్తారు గానీ అవి పురుగులు కావు, కళ్ళున్న యంత్రాలు. ఎంత దూరం నడిస్తే అంత దూరం వస్తాయి.

సాయంత్రం అయిదింటికి ఒక్కొక్కళ్ళనే ఒక గదిలోకి పిలిచారు. బల్ల వెనక ఒక గుమస్తా కూర్చున్నాడు. బల్లమీద గుమ్మడికాయంత గాజుదీపం. పక్కన మన తోడును నిలబెడతారు.

"మీ తోడులో ఈరోజు మీరు చూసిన లోపం చెప్పండి" అన్నాడు గుమస్తా. చాలా మర్యాదగా అడిగాడు. నోటిమాటా మనసులోదీ ఒకటే అయితే దీపం తెల్లగా వెలుగుతుందట. కాకపోతే ఎర్రగా.

నాకు ఎవరిమీదా ఫిర్యాదులు చెప్పే అలవాటు లేదు. అత్తగారి మీదే చెప్పలేదు. పైగా ఎవరి కష్టం వాళ్ళది. రోజల్లా ఎండలో నిలబడే మనిషి విసుక్కోదా?

"లోపం ఏమీ లేదండి" అన్నాను.

దీపం తెల్లగా వెలిగింది. గుమస్తా తలెత్తి నన్ను చూశాడు. తరవాత కనకవల్లిని చూశాడు. కనకవల్లి దవడ బిగుసుకుంది. మెచ్చుకున్నందుకు మొహమాటపడుతోంది కాబోలనుకున్నాను.

రెండో రోజు

పొద్దున్న స్నానానికి బకెట్టు నీళ్ళు ఇవ్వాలి. కనకవల్లి సగం బకెట్టు తెచ్చి, తెచ్చినవాటిలో కొన్ని గడపమీద ఒలకబోసి, "ఇంతే" అంది. ఫలహారం చల్లారిపోయాక పట్టుకొచ్చింది. మాది ఉల్లిపాయ ముట్టని ఇల్లు. ఉప్మాలో ఉల్లిపాయలు కనబడితే ఏరి పక్కన పెట్టాను.

"ఏరుతున్నారేం? మా లంకలో పండినవి మీకు మురికా?"

"కాదమ్మా, నియమం."

"నియమాలు మీ ఊళ్ళో వదిలి రావాల్సింది."

తరవాత నడక. మిగతా తోడులు తమ అతిథుల పక్కన నడుస్తుంటే ఈవిడ ఇరవై అడుగులు ముందు నడిచింది. నేను రొప్పుతూ అందుకునేసరికి మళ్ళీ కదిలేది. విత్తనాల గిడ్డంగి, మిద్దెల మీద వరి మళ్ళు, ఒక ఆదర్శ గృహం చూపించారు. ఆ ఇంట్లో తల్లీ తండ్రీ పాప పీటలమీద కూర్చుని భోంచేస్తున్నారు. మేం వరసగా గుమ్మంలోంచి చూడాలి. పాప చేతిలో అన్నం ముద్ద ఉంది. పదకొండుమందిమీ చూసి వెళ్ళేదాకా ఆ ముద్ద నోటికి వెళ్ళలేదు, కిందికీ దిగలేదు.

"ఆ పిల్ల తినదేమమ్మా?" అని కనకవల్లిని మెల్లిగా అడిగాను.

"మీకెందుకు? మీరు తిన్నారుగా."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో రాయి తగిలి బోర్లా పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. కనకవల్లి లేవదీయలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "కళ్ళు నెత్తికెక్కాయా? లేవండి" అంది. పైడిరాజు గారు పరుగెత్తుకొచ్చి చెయ్యందించి, కనకవల్లినీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"సాయంత్రం చెప్తారు కదా ఇది?" అన్నారు నాతో.

"ఎందుకండీ, చిన్న దెబ్బ."

"చెప్పాలమ్మా. తప్పకుండా చెప్పాలి."

ఈయనకు ఒకరిమీద చాడీలు చెప్పడమంటే ఎంత సరదా అనుకున్నాను. సాయంత్రం ఆయన గదిలో ఉన్నప్పుడు నేను బయట వరసలో ఉన్నాను. కిటికీలోంచి వినబడుతూనే ఉంది. టీ గోరువెచ్చగా ఇచ్చాడట, రెండుసార్లు ఆవలించాడట, వెనకనుంచి చూస్తే భుజం ఒంకరగా ఉందట. ఒక్కోమాటకీ దీపం తెల్లగా వెలుగుతోంది. నిజంగానే అవన్నీ ఆయనకు చిరాకే మరి.

నా వంతు వచ్చింది. "లోపం చెప్పండి."

నాకు కనకవల్లి మొహం కనిపిస్తోంది. కళ్ళు నామీదే పెట్టి కసిగా చూస్తోంది. చిన్నప్పటినుంచీ ఈ కంచెలో పెరిగిన మనిషి, ఇంతకంటే మెత్తగా ఎలా ఉంటుంది అనిపించింది. పేరంటాలమ్మ సాక్షిగా జాలే తప్ప కోపం రాలేదు.

"ఏమీ లేదండి. పాపం, కష్టపడుతోంది."

తెల్లదీపం.

"మీ చేతికి దెబ్బ తగిలింది" అన్నాడు గుమస్తా.

"నా పొరపాటండి."

మళ్ళీ తెల్లదీపం. గుమస్తా ఏదో నొక్కాడు. కనకవల్లి కళ్ళు మూసుకుంది.

మూడో రోజు

ఈ రోజు గుడి. వాళ్ళ లెక్కలో అది గుడి కాదు, "పూర్వకాలపు కట్టడం". దీపం లేదు, పూజ లేదు. అమ్మవారి చుట్టూ ఇనుప గొలుసు. ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళనీ, వాళ్ళ తోడునీ పట్టుకుంటారని ముందే చెప్పారు. ఒక్కొక్కళ్ళకి అరవై అంకెలు లెక్కపెట్టేంత సమయం. తలుపు దగ్గర ఒక తూనీగ నిలబడి చూస్తూ ఉంటుంది.

నేను లోపలికి వెళ్ళాను. అమ్మ చెప్పినట్టే ఉంది తల్లి. మోకాలెత్తు రాతి విగ్రహం, ఎడమచెయ్యి కొంచెం విరిగింది. పాదాల దగ్గర ఎప్పటిదో కుంకుమ నల్లగా గడ్డకట్టి ఉంది. అది చూసేసరికి ఆగలేకపోయాను. ఏడ్చాను. నా నుదుటిమీద మొదటి రోజు పెట్టుకున్న బొట్టు ఇంకా కొంచెం మిగిలి ఉంది. వేలితో దాన్ని గీకి తీశాను. ఇంత కూడా లేదు, గోటి కొనంత. గొలుసు కిందనుంచి చెయ్యి చాపాను.

వెనకనుంచి అడుగుల చప్పుడైంది. కనకవల్లి వచ్చి తలుపుకీ నాకూ మధ్య నిలబడింది. తూనీగకు అడ్డంగా చీర కొంగు విదిలించి భుజాన వేసుకుంటూ, "త్వరగా చూడండి, ఎంతసేపు!" అని గట్టిగా కసిరింది. ఆ కొంగు గాల్లో ఉన్నంతసేపూ నా వేలు అమ్మవారి పాదం మీద ఉంది.

మొక్కు తీరింది.

ఇంకా ఏడుస్తూనే ఉన్నాను. కనకవల్లి వంగి, అరచేత్తో నా మొహం పరపర తుడిచింది. పిల్లల చీమిడి తుడిచినట్టు, మొరటుగా. "ఏడవకండి. ఏడిస్తే దేనికని అడుగుతారు. నడవండి."

ఆ సాయంత్రం దీపం ముందు మళ్ళీ "లోపం ఏమీ లేదు" అన్నాను. దీపం మూడోసారి తెల్లగా వెలిగింది. గుమస్తా మొదటిసారి నవ్వాడు. "మూడు" అన్నాడు, నాతో కాదు, కనకవల్లితో.

నాలుగో రోజు

ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మరల దగ్గరికి తీసుకెళ్ళారు. మా కేంద్రంలోనూ అలాంటివి ఉన్నాయి గానీ ఇవి తాటిచెట్లంత ఎత్తు. ఆ హోరులో పక్కమనిషి మాట పక్కమనిషికి వినబడదు. తూనీగలకూ వినబడదట. పైడిరాజు గారు నా చెవి దగ్గర నోరు పెట్టారు.

"ఏటమ్మా, మీకు బుర్రుందా? ఆ మనిసిని సంపేస్తన్నారు."

"ఎవరినండి?"

"మీ కనకవల్లిని. లోపం లేదంటూ మూడు తెల్లదీపాలు ఎలిగించినారు. నాలుగోది ఎలిగితే ఆవిణ్ణి ఉప్పుమళ్ళకి పంపుతారు. ఆ తెల్లటి ఎండలో ఆరునెల్లు నిలబడితే కళ్ళు పోతాయి. ఆ తరవాత మనిసే కనబడదు."

నాకు అర్థం కాలేదు. "నేను మంచే చెప్పాను కదండీ!"

"అదే మరి! పరాయివాడికి నచ్చిన మనిసి మనోడు కాదు, ఇదీ ఈళ్ళ లెక్క. బయటోడు ఒక్క లోపం కూడా ఎంచలేదంటే ఈవిడ వాడికి మనసిచ్చి మాటాడిందన్నమాట. తూనీగలు సూసేది సేతలు. మనసిచ్చిందో లేదో వాటికి తెలీదు. దానికి మన నోరు కావాల."

"మరి ఆవిడ నాకెందుకు చెప్పలేదు?"

"సెబితే అది ఇంకా పెద్ద నేరం. అందుకే మూడ్రోజుల్నుంచీ మిమ్మల్ని ఉడికిస్తోంది. నీళ్ళు ఒలకబోసింది, కిందపడితే లేపలేదు. ఇంకేటి సెయ్యాల? కొట్టాలా?" ఆయన ఆగి ముక్కు తుడుచుకున్నారు. "పోయినసారి నానూ మీలాగే. ఎందుకొచ్చిన గొడవని ఏమీ లేదు, ఏమీ లేదు అన్నాను. మంచోడు నా తోడు, పాటలు పాడీవోడు. ఆఖర్రోజు తీసుకుపోతంటే ఈ లెక్కంతా అరిసి సెప్పినాడు. ఈసారి వచ్చి అడిగితే అలాంటి పేరే లేదన్నారు. అందుకే ఈ సింహాద్రిగాడి సెప్పుల్ని దిగిన కాణ్ణించీ తిడుతున్నాను."

అటు చూస్తే కనకవల్లి గట్టు మీద నిలబడి మమ్మల్నే చూస్తోంది. దగ్గరికి వెళ్ళాను.

"నాకు తెలిసింది" అన్నాను చెవిలో.

ఆవిడ నా చెవి దగ్గరే పళ్ళు కొరుక్కుంటూ, పెదవులు పెద్దగా కదల్చకుండా మాట్లాడింది. "తెలిసిందా? సంతోషం. మీరు మహాపుణ్యాత్ములు. మీ పుణ్యానికి నేను గుడ్డిదాన్నవుతాను. నాకు ముసలితండ్రి ఉన్నాడు, ఆయనకు గంజి కాచిపోసేది నేనే. ఏం మనిషండీ మీరు? తిడితే కోపం రాదు, పడితే లేపకపోయినా కోపం రాదు. మీ ఒంట్లో రక్తముందా, పానకముందా?"

"ఈరోజు చెప్తానమ్మా. గట్టిగా చెప్తాను."

సాయంత్రం చెప్పాను. "ఈవిడ చాలా వేగంగా నడుస్తుందండి. నాకు చాలా కోపం వచ్చింది."

దీపం ఎర్రగా వెలిగింది.

"నీళ్ళు తక్కువ ఇచ్చింది. పొగరుబోతు."

ఎరుపు.

"పడితే లేపలేదు! నాకు... నాకు ఒళ్ళు మండింది."

ఎరుపు. గది అంతా ఎర్రబడింది. గుమస్తా కుర్చీ వెనక్కి జరిపి, అదే మర్యాదతో అన్నాడు. "అతిథిగారూ, మూడు రోజులు లోపం లేదన్నారు, నిజమే చెప్పారు. ఈరోజు ఉందంటున్నారు, అబద్ధం. ఇలా చెప్పమని మీకెవరు నేర్పారు?"

"ఎవరూ కాదండి" అన్నాను. దీపం ఎర్రగానే ఉంది.

"రేపు పదింటికి గేటు దగ్గర మీ ఆఖరి మాట తీసుకుంటాను. దాన్నిబట్టి చూద్దాం."

బసకు వెళ్ళే బస్సులో నడిపే మనిషి ఉండడు, దానంతట అదే పోతుంది. కనకవల్లి నా పక్కన కూర్చుని, తూనీగ వింటున్నా లెక్కచెయ్యకుండా నన్ను తిట్టడం మొదలుపెట్టింది. అతిథిని తిడితే నేరం కాదు, నేను చెబితేనే లోపం.

"మీ అమ్మ ఇక్కడిదని మీ కాగితాల్లో ఉందిగా. ఇక్కడ నిలబడలేక పారిపోయిన పిరికిది."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"మీ అమ్మవారు ఉత్త రాయి. పోయినేడు దాన్ని గోదాం మెట్టు కింద వేద్దామనుకున్నాం. కొలత సరిపోక వదిలేశాం."

బాధేసింది. కోపం మాత్రం రాలేదు. ఆవిడ అమ్మవారిని తిడుతుంటే కొంగు విదిలించి అడ్డం నిలబడిన కనకవల్లే కనబడుతోంది నాకు.

ఆవిడ నా మొహం చూసి తెలుసుకుంది. "ఛీ!" అంది. "ఇంత మంచితనం మంచిది కాదు. అది మీ సుఖం కోసం. మిమ్మల్ని మీరు చూసుకుని మురవడం కోసం." అలా అని ముందు సీటుకు వెళ్ళి కూర్చుంది.

అయిదో రోజు

తెల్లవారుజామున లేచి అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. జీవితంలో ఇలాంటి కోరిక ఎవరూ కోరి ఉండరు. తల్లీ, నాకు కోపం ఇవ్వు, ఈ మనిషిమీద నిజమైన ద్వేషం ఇవ్వు అన్నాను.

రాలేదు.

పదింటికి గేటు. లాంచీ కూత వేస్తోంది. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆఖరి మాట చెప్పి బయటికి నడిచారు. పైడిరాజు గారు సింహాద్రి భుజం ఒంకరను మరోసారి తిట్టి, గేటు దాటి అక్కడే నిలబడిపోయారు, నాకోసం. ఆరుబయటే బల్ల వేశారు, దానిమీద దీపం ఉంది. బల్లకు ఆ పక్క ఇద్దరు మనుషులు తెల్ల చొక్కాలు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. ఉప్పుమళ్ళవాళ్ళు. కనకవల్లి చంకలో మార్పుబట్టల మూట ఉంది. సర్దుకునే వచ్చింది.

"మీ తోడులో మీరు చూసిన లోపం చెప్పండి."

కళ్ళు మూసుకున్నాను. అమ్మవారిని తలుచుకోబోతే గుడి గుర్తొచ్చింది. గుడి గుర్తొస్తే నా మొహం మీద ఆ అరచెయ్యి గుర్తొచ్చింది.

మూడో రోజు సంగతిలో నేను రాయకుండా వదిలేసినది ఒకటుంది. ఇప్పుడు రాయాలి. ఆ అరచేతికి ఎండుచేపల వాసన. ఆ చెయ్యి నా బుగ్గలమీద, పెదవుల మీద రాసుకుపోయినప్పుడు నా కడుపులో తిప్పింది. బసకు రాగానే తలుపేసుకుని, మిగిలిన నీళ్ళతో మొహం కడిగాను. చాలలేదు. తాగడానికిచ్చిన నీళ్ళు కూడా నెత్తిన పోసుకున్నాను. సబ్బు పెట్టి, చర్మం మండేదాకా రుద్దాను. జాకెట్టు వాసన చూసి ఒక మూల పడేశాను. ఆ రోజంతా దాహంతో ఉన్నాను గానీ ఆవిడ తాకిన గ్లాసు పట్టుకోలేదు. నాకోసం ప్రాణం అడ్డంపెట్టిన చెయ్యి అని తెలుసు. తెలిసీ కడుక్కున్నాను. దాన్ని నేను ఆచారం అనుకున్నాను, మడి అనుకున్నాను. కోపం లేదు, ద్వేషం లేదు కనుక నా మనసు శుభ్రంగానే ఉందనుకున్నాను.

కళ్ళు తెరిచాను.

"ఈవిడ చేతికి ఎండుచేపల కంపు" అన్నాను. "ఆ చేత్తోనే నాకు వడ్డించింది. ఆ చెయ్యి దగ్గరికి వస్తే నాకు వాంతి వచ్చినంత పనయ్యేది. పెట్టినవన్నీ ముక్కు మూసుకుని తిన్నాను. ఇలాంటివాళ్ళ చేతి అన్నం మా ఇంట్లో కుక్కకు కూడా పెట్టం. ఈవిడ పక్కన కూర్చున్నందుకు మా ఊరెళ్ళి మళ్ళీ తలస్నానం చెయ్యాలి."

నా గొంతు మెత్తగానే ఉంది. నేను ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాను.

దీపం వెలిగింది. అంత తెల్లటి వెలుగు ఆ అయిదు రోజుల్లో నేను చూడలేదు. పట్టపగటి ఎండలో కూడా బల్లమీద నీడలు పడ్డాయి.

గుమస్తా ముందుకు వంగాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాలో ఇది ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది."

తెలుపు.

అతను ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. "శుభ్రతాలోపం. చిన్నది. నెల రోజులు వడ్డన లేదు, తోడుపని ఉంటుంది." నల్లకళ్ళద్దాల వాళ్ళిద్దరికీ చెయ్యి ఊపాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. అంతే. అంత తేలిగ్గా వెళ్ళిపోయారు.

"తోడు సమాధానం?" అన్నాడు గుమస్తా.

నేను కనకవల్లి వైపు తిరిగాను. బతికింది కదా, కళ్ళలోనైనా ఒక మెరుపు కనబడుతుందనుకున్నాను. నాలుగు రోజులు నన్ను గద్దించిన మనిషి, మా అమ్మనీ అమ్మవారినీ తిట్టిన మనిషి, తల దించుకుని ఉంది. నేను ఎన్ని అన్నా అవి తనను కాపాడ్డానికని తెలిసిన మనిషే. కానీ దీపం ఏ రంగులో వెలిగిందో ఆవిడ కూడా చూసింది.

"లోపం ఒప్పుకుంటున్నాను" అంది. ఆ గొంతు నాకు కొత్త. ఒక పెద్దింటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. మాట్లాడుతూనే రెండు చేతులూ వెనక్కి తీసుకుని, నాకు కనబడకుండా పెట్టుకుంది.

గేటు మూసుకునేదాకా ఆ చేతులు ముందుకు రాలేదు.

లాంచీలో పైడిరాజు గారు నా ఎదురుగా కూలబడి తొడమీద చరుచుకున్నారు. "సెబాసమ్మా! ఏం నటించినారు! నాకే నిజమనిపించింది. ఆ గుమస్తాగాడు బుట్టలో పడ్డాడు!"

"నటించలేదండి" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయారు. దీపం సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మెల్లిగా లేచి, అవతలి అంచుకు వెళ్ళి నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డారు. సామర్లకోట రేవు వచ్చేదాకా అక్కడే ఉన్నారు.

ఇల్లు చేరాక తలస్నానం చెయ్యలేదు. అది కూడా రాయాలి. చెయ్యకుండా ఉండడానికి నేను ఎంత బిగపట్టుకున్నానో కూడా రాయాలి. మూడో రోజుకి ఓడిపోయాను.

ఇంతే. మా తమ్ముడి కూతురు హైమకు ఇవి ఇస్తున్నాను. హైమా, నువ్వు చదువు, ఆ తరవాత దాచు. చింపకు. నామీద ప్రేమతో కూడా చింపకు. ఎవ్వరికీ చూపించకు. ఇందులో అమ్మవారి పాదం మీద నా వేలు ఉంది, తూనీగకు అడ్డం పడిన కొంగు ఉంది. ఆ మాట ఎవరి నోటనైనా పడి ఆ కంచె లోపలికి చేరితే, ఒక ముసలాయనకు గంజి కాచిపోసే మనిషి ఉండదు. నాకు మంచిపేరు తేవడానికి చూపించకు, చెడ్డపేరు తేవడానికీ చూపించకు. కనకవల్లి అనే ఆవిడలో లోపం ఏమీ లేదని ఒక ఇంట్లో, ఒక పెట్టెలో రాసి ఉంటే చాలు. అక్కడ అది ఎప్పటికీ ఎవరికీ తెలియకూడదు.